ఎక్కడ దిగుతరో ముందే చెప్పుండ్రి

పోయిన నెలలో మా కంపెనీ వాళ్లు మాకొక ఆన్‌లైన్ శిక్షణ పెట్టారు. విషయమేమిటంటే, ఆన్‌లైన్ శిక్షణను జనం నిద్రపోకుండా నడపడం ఎలా అని. చెప్పే పెద్దమనిషి రెండు గంటలు ఏకబిగిన తనే మాట్లాడాడు. మధ్యలో ఒకసారి ఆగి, "ఇప్పుడు మీ మనసెలా ఉందో ఒక్క బొమ్మతో చాట్‌లో చెప్పండి" అన్నాడు. అందరం నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టి ఎవరి పనిలో వాళ్లం పడ్డాం. నేనైతే కెమెరా ఆపేసి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆఖర్న ఆయన "అందరికీ అర్థమైందా?" అని అడిగితే నలభై మందిమీ అర్థమైందని కొట్టాం. అప్పుడు మా కండక్టర్ మేడమ్ గుర్తొచ్చి పక్కున నవ్వాను. కాసేపటికి ఆ నవ్వు పోయింది, చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను.

"అర్థమైందా అంటే అందరు అవ్ అంటరు. చిల్లరున్నదా అంటే అందరు లేదంటరు. రెండూ నమ్మొద్దు బిడ్డా" అనేవారావిడ.

పోయిన వేసవిలో ఆవిడ కాలం చేశారు. నాకు వారం ఆలస్యంగా తెలిసింది. పేరు రాయను. బతికున్నప్పుడు కూడా ఆవిడను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఊళ్లలో అందరికీ కండక్టర్ మేడమే.

భద్రాచలంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఉండేది. అడవి అంచు ఊళ్లలో మహిళా సంఘాలు నడిపే ఆడవాళ్లకు వారానికొక పనికొచ్చే సంగతి నేర్పేది. ఒక వారం కోళ్లకు టీకాలు, ఒక వారం పింఛను దరఖాస్తు, ఇంకో వారం పిల్లలకు విరేచనాలైతే ఏం చేయాలి, ఇట్లాంటివి. కరోనా తర్వాత ఆ చదువంతా ఫోన్లలోకి మారింది. మేడమ్ అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా బస్సు కండక్టరు. మోకాళ్లరిగి ముందే ఉద్యోగం మానుకుంటే, చర్ల దారిలోనూ మణుగూరు దారిలోనూ ఆవిడకు తెలియని ఆడమనిషి లేదని సంస్థ వాళ్లు పిలిచి శిక్షకురాలిని చేశారు. నేను మధిర దాన్ని. హైదరాబాదులో ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే కంపెనీలో మూడేళ్లు పనిచేశాను, ఆ కంపెనీ మూతపడితే అక్కడ తేలాను. పాఠం ఎలా సాగాలో నేను రాయాలి, ఆవిడ నడపాలి. అదీ ఒప్పందం.

ఆ ఒప్పందానికి ఆవిడ మొదటి రోజే మంగళం పాడారు. కోళ్ల టీకాల మీద నేను రాత్రింబగళ్లు కూర్చుని నలభై ఎనిమిది స్లైడ్లు చేసుకుపోయాను. బాణాలు, రంగులు, గుండ్రాలు, అన్నీ ఉన్నాయి. ఆవిడ కళ్లద్దాలు ముక్కు చివరికి జారేసి మొదటి నాలుగు చూశారు.

"ఇదేంది బిడ్డా?"

"స్లైడ్లండీ. ఒక్కోటీ వివరిస్తూ పోవాలి."

"బస్సుకు బోర్డు ఒక్కటుంటది. నలభై ఎనిమిది బోర్డులు పెడితే ఏ బస్సని ఎక్కుతరు జనం?"

నలభై ఏడు తీసేయించారు. మిగిలినదాంట్లో కోడి బొమ్మ ఒక్కటే ఉంది.

నా అదృష్టం బాగోక ఆ రోజే ఇంకో సరదా కూడా పెట్టాను. కొత్తవాళ్ల బెరుకు పోవడానికి మొదట్లో ఒక తమాషా ప్రశ్న అడగాలని నేను నేర్చుకున్న చదువులో ఉంది. ఆవిడ కాగితం చూసి నిట్టూర్చి, పెద్ద గొంతుతో అడిగారు. "ఇగో, మధిర పిల్ల అడగమన్నది, అడుగుతున్న. మీరు పండైతే ఏ పండైతరు?"

ఫోన్లన్నీ గమ్మునయిపోయాయి. ఎక్కడో ఒక దూడ అరిచింది. చాలాసేపటికి ఒకావిడ భయంభయంగా నోరు తెరిచింది. "ఎందుకు మేడమ్, కోసుకుని తింటరా?"

"రాసుకో బిడ్డా" అన్నారు మేడమ్ నా వైపు తిరిగి. రాసుకున్నాను. ఆ ప్రశ్న మళ్లీ ఎవర్నీ అడగలేదు.

ఆవిడ కూర్చుని పాఠం చెప్పేవారు కాదు. మోకాళ్ల నొప్పులని పొద్దస్తమానం మూలిగే మనిషి, సెషన్ మొదలైతే చాలు లేచి నిలబడేవారు. ఎడమచేయి పైకెత్తి కిటికీ ఊచను పట్టుకునేవారు, డ్రైవరు ఏ క్షణాన బ్రేకు వేస్తాడో అన్నట్టు. కుడిచేతి వేళ్ల సందున హాజరుపట్టీ నిలువుగా మడిచి ఇరికించుకునేవారు. ఫోను నేనెక్కడ పెట్టినా అవతలివాళ్లకు ఆవిడ గడ్డం నుంచి పైకే కనిపించేది. "కూర్చోండి మేడమ్, మొహం సరిగ్గా పడుతుంది" అని బతిమాలి ఒకసారి కూర్చోబెట్టాను. ఐదు నిమిషాల్లో గొంతు పిల్లిగొంతయింది. ఏం చెప్పాలో మరిచిపోయారు. లేచి నిలబడగానే అన్నీ గుర్తొచ్చాయి.

నేను పద్ధతి ప్రకారం అందరి మైకులూ ఆపేసేదాన్ని. ఆవిడ తెరిపించేవారు. తెరవగానే కుక్కర్ కూతలు, పసిపిల్లల ఏడుపులు, కోళ్లు, ఎవరి మొగుడో అన్నం పెట్టమని కేకలు. నా తల తిరిగిపోయేది. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోయేది. "చప్పుడు లేని బస్సు షెడ్డుల ఉంటది" అనేవారు. మరోసారి నేను తెలివి చూపించి ఆడవాళ్లను నాలుగు గుంపులు చేసి నాలుగు వేరువేరు గదుల్లోకి పంపాను. మాట్లాడుకుంటారని నా ఆశ. నా ప్యాసింజర్లేరీ అని ఆవిడ లబలబలాడిపోయారు. "నాలుగు బస్సులకు ఎక్కిస్తివి గదనే! ఒక్కదానికన్న కండక్టరున్నదా?" తిరిగి అందర్నీ ఒకచోటికి తెచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ముగ్గురైతే ఆ రోజు తిరిగి దొరకనేలేదు.

లెక్క దగ్గరా మాకు పడేది కాదు. నా తెర మీద ముప్పై పేర్లు కనిపిస్తే, ఆవిడ డెబ్బైమంది అనేవారు. అడవి ఊళ్లలో సిగ్నలు ఎక్కడ దొరికితే అక్కడికి ఒక ఫోను చుట్టూ నలుగురైదుగురు చేరేవాళ్లు. "సీటుకు ముగ్గురు కూసోరా?" అని ఆవిడ వాదన. వాళ్లలో కొందరికి తెలుగు కంటే కోయభాషే చనువు. ఆ భాషలో మేడమ్‌కు వచ్చినవి బస్సులో అవసరమైన నాలుగు మాటలే. ఎక్కు, దిగు, జరుగు, పిల్లకు టికెట్ వద్దు. ఆ నాలుగింటితోనే ఆవిడ వాళ్లను కడుపుబ్బ నవ్వించడం నేను చెవులారా విన్నాను.

వీటన్నిటికీ ఎలాగో అలవాటు పడ్డాను. పడలేకపోయింది ఒక్కదానికే. సెషన్‌లోకి రాగానే ప్రతి ఆడమనిషీ తనకు ఆ రోజు ఏం కావాలో చెప్పి తీరాలి. "ఎక్కడ దిగుతరో ముందే చెప్పుండ్రి" అనేవారు మేడమ్. ఒకామె, కోళ్లకు టీకా ఏ వయసులో వేయించాలో తెలిస్తే చాలంటుంది. ఇంకొకామెకు టీకా మందు ఎక్కడ దొరుకుతుందో కావాలి. ఆవిడ పేరు పక్కన అది రాసుకుని, ఆ ముక్క రాగానే ఊరి పేరుతో కేకేసేవారు. "కరకగూడెం! నీ స్టేజీ వచ్చింది, లెవ్వు!" కునుకు తీస్తున్న కరకగూడెం ఉలిక్కిపడి లేచేది. విషయం చెప్పాక, ఆమె చేతనే ఆమె మాటల్లో అందరికీ తిరిగి చెప్పించేవారు. తప్పు చెబితే మళ్లీ మొదటికి. ఒప్పయితే, "ఇగ నువ్వు దిగొచ్చు తల్లీ. మెల్లగ దిగు" అని పంపించేసేవారు. నిజంగానే పంపించేసేవారు! ఉండాలనుకుంటే ఉండొచ్చు, ఎవరూ కాదనరు. కానీ పొయ్యి మీద పప్పు పెట్టుకొచ్చిన మనిషి ఎందుకుంటుంది? పాఠం సగమయ్యేసరికి తెర మీద పేర్లు ఒక్కొక్కటీ మాయమయ్యేవి.

"మేడమ్, అట్లా పంపించేయకూడదండీ. ఎంతమంది చివరిదాకా ఉన్నారన్నదే మనకు డబ్బిచ్చే హైదరాబాదు ఆఫీసు వాళ్లు చూసేది."

"సారపాకల దిగేటోన్ని మణుగూరు దాక తోల్కపోతే మెచ్చుకుంటడా, తిడతడా?"

"ఆఫీసు వాళ్లకు అదెట్లా చెప్పాలండీ?"

"నోటితోనే చెప్పు."

అది అంత తేలిక కాదని తర్వాత తెలిసింది. హైదరాబాదు నుంచి ఒకరోజు ఫోనొచ్చింది. ఫోన్లో అప్పటికప్పుడు నడిపే ఈ ప్రత్యక్ష పాఠాలు ఆపేసి, వాటి బదులు వీడియోలు చేసి ఊళ్లకు పంపితే ఎలా ఉంటుందని పైవాళ్లు ఆలోచిస్తున్నారు. ఒక్క సెషన్‌ను పరిశీలకురాలు వచ్చి చూస్తుంది, దాని మీద నేను రిపోర్టు రాయాలి, ఆ రెండూ చూసి నిర్ణయిస్తారు. వీడియోలైతే ఆ బృందానికి నన్నే పెద్దను చేసి హైదరాబాదు తీసుకెళ్తామని కూడా అన్నారు. ఆఖరి సంగతి నేను మేడమ్‌కు చెప్పలేదు. మిగతాది చెప్పాను.

ఆవిడ హాజరుపట్టీ మడత విప్పి బల్ల మీద పెట్టారు.

"ఇది ఆగితే నేను ఇంట్ల కూసోవాలె. ఇంట్ల కూసుంటే మోకాళ్లు గాదు బిడ్డా, నోరు నొస్తది. మా ఆయన సంగతి ఎరుకే గద. పొద్దున చాయ్ అంటడు, రాత్రి లైటు ఆపు అంటడు. గంతే."

పరిశీలన రోజున విషయం పాము కాటు. పదకొండు గంటలకు మొదలు కావాలి. పదకొండుంబావయినా మేడమ్ మొదలుపెట్టలేదు. తెర మీద 'అబ్జర్వర్ 2' అని ఒక నల్ల గడి వచ్చి కూర్చుంది. నేను పక్కన నిలబడి చేతి గడియారం చూపిస్తున్నాను.

"గుండాల ఇంక రాలే. గుట్ట ఎక్కుతున్నది. ఊపిరన్న తీసుకోనియ్యి."

గుండాల వైపు నుంచి వచ్చే ఆమెకు సిగ్నలు కావాలంటే గుట్టెక్కాల్సిందే. చివరికి ఎగశ్వాసతో వచ్చింది. మేడమ్ ఊచ పట్టుకుని టికెట్లు మొదలుపెట్టారు. అందరూ తమకేం కావాలో చెప్పారు. గుండాల వంతు వచ్చింది.

"మేడమ్, నా ఫోన్ల చార్జింగ్ లేదు, ముందు నాదే చెప్పుండ్రి. పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, కదలకుండ దవాఖానకు తీస్కపోవాలె. పోయినసారి మీరే చెప్పిండ్రు, యాదికున్నది. మా మామకు ఎట్ల చెప్పాలె? ముందు మంత్రమేపిద్దాం, దవాఖాన ఎటుపోతది అంటడు."

నేను రాసిన పాఠంలో మామ లేడు. మేడమ్ ఒక్క క్షణం ఆలోచించి నా కాగితం మడిచి నడుముకు దోపుకున్నారు. "అందరు జరగుండ్రి, ఈమె ముందు దిగాలె. చర్ల అవ్వా, నువ్వు మామవు. కానియ్యి."

చర్ల అవ్వకు అరవై దాటాయి. మామ వేషం అనగానే ఆమెకు ఎక్కడ లేని హుషారొచ్చింది. "ఏందే పిల్లా, నిన్నగాక మొన్నొచ్చి నాకు చెప్తవా? మా తాతల కాడికెళ్లి మంత్రమే!" అని ఫోన్లు పగిలేలా అరిచింది. ఇక చూడండి. ఒకామె బతిమాలమంది. ఒకామె ఏడవమంది. ఇంకొకామె, మామను ఇంట్లో పెట్టి గొళ్లెం వేయమంది. అవ్వ దేనికీ లొంగలేదు. గుండాల ఆమె అంతా విని, తనే నెమ్మదిగా అంది.

"మామా, మంత్రం వద్దనలే. మంత్రమేసేటాయన్ని గూడ బండి మీద ఎక్కిద్దాం. దారి పొంటి సదువుకుంట వస్తడు. దవాఖాన కాడ దింపుదాం."

"గట్లయితే... సరే తియ్" అంది అవ్వ. ముప్పై ఒక్క ఫోన్లలో నుంచి లేచిన నవ్వుకు మా ఆఫీసు కింద కిరాణా కొట్టాయన పైకొచ్చి చూసిపోయాడు. నాకూ కళ్లెంట నీళ్లొచ్చాయి. అంత మంచి పాఠం నా జన్మలో నేను రాయలేదు, రాయలేను.

"ఇగ నువ్వు దిగు తల్లీ. గుట్ట మెల్లగ దిగు" అన్నారు మేడమ్. గుండాల ఫోను ఆగిపోయింది.

తర్వాత ఆవిడ చూపు నల్ల గడి మీద పడింది. నేను సైగలు చేస్తూనే ఉన్నాను, వింటేగా. "అబ్జర్వర్ టూ అన్న ఊరు నా దారిల లేదు. ఎవరమ్మా? ఎక్కడ దిగుతరు?"

"నేను ఊరికే చూడటానికి వచ్చానండీ, మీరు కానివ్వండి."

"చూస్తానికి ఎక్కినా టికెట్ టికెట్టే. మీకేం గావాలె?"

నా ఉద్యోగం, ఆవిడ ఉద్యోగం రెండూ కళ్ల ముందే గోదాట్లో కలిసిపోయాయనుకున్నాను. తర్వాత ఆ గొంతు బాగా తగ్గి, "మా ఇంటి వెనకంతా పొదలండీ. పాము కనబడితే ఏం చేయాలో తెలియదు. నాకు చచ్చేంత భయం" అంది. మేడమ్ చెప్పారు. దూరంగా ఉండాలి, కర్ర పట్టుకుని మీదికి పోకూడదు, పాములు పట్టేవాళ్లను పిలవాలి, పొదలు కొట్టించుకోవాలి. చెప్పి, హైదరాబాదు ఆఫీసరు చేత తిరిగి అప్పజెప్పించుకున్నారు. రెండోసారికి ఒప్పొచ్చింది. "ఇగ మీరు దిగొచ్చు. మెల్లగ" అన్నారు. పరిశీలకురాలు ధన్యవాదాలు చెప్పి నిజంగానే దిగిపోయింది! ఆ తర్వాత జరిగింది ఆమె చూడలేదు. సగమే చూసినందుకు తన అభిప్రాయం రాయలేదట, నిర్ణయానికి మిగిలింది నా రిపోర్టొక్కటే.

సెషన్ ముగిసేసరికి తెర మీద ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో ఒకరి ఫోన్లో మనిషి లేదు, కోడి ఒకటి వచ్చి తెరను పొడుస్తోంది.

రిపోర్టు ఫారంలో మూడు గడులున్నాయి. చేరినవారు: ముప్పై ఒకటి. చివరిదాకా ఉన్నవారు: మూడు. మూడో గడి, కారణం. అందులో, 'తమకు కావలసింది నేర్చుకుని, తిరిగి చెప్పి వెళ్లారు' అని టైపు చేశాను. ఆ మాటలు చూస్తూ కూర్చున్నాను. హైదరాబాదు కనబడింది, బృందానికి పెద్ద అన్న మాట వినబడింది. మాటలు కొట్టేశాను. నేనేమీ అబద్ధం రాయలేదు కదా, అంకెలు నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. గడి ఖాళీగా ఉంచి, రెండో సంతకం కోసం మేడమ్‌కు మెయిల్ చేశాను. మూడో రోజు ఆవిడ సంతకంతో తిరిగొచ్చింది. నెల తిరక్కుండా ప్రత్యక్ష పాఠాలు ఆగిపోయాయి.

నేను హైదరాబాదు వెళ్లి వీడియోలు చేశాను. పాము కాటు మీద చేసింది అందరూ మెచ్చుకున్నారు. చాలామంది చూశారని చెప్పారు. చూసినవాళ్లలో ఎంతమంది మామలు ఒప్పుకున్నారో నాకు తెలియదు. మేడమ్ కూడా చూసి ఫోన్ చేశారు.

"బొమ్మ మంచిగున్నది బిడ్డా. పామెందుకు నవ్వుతున్నది?"

"పిల్లలు చూసి భయపడకుండా ఉండాలనండీ."

"భయపడాలె గద!"

ఏడాది తర్వాత పని మీద భద్రాచలం వెళ్లినప్పుడు ఆవిడ ఇంటికి వెళ్లాను. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆయన మాట్లాడకుండా చాయ్ తెచ్చి పెట్టి వెళ్లిపోయారు. మేడమ్ నన్ను వదల్లేదు. ఎదురింటి గొడవ, పక్కింటి పెళ్లి, ఏ దారిలో రోడ్డు పాడయిందో, అన్నీ గంటసేపు చెప్పారు. "నోరు తుప్పు పట్టింది బిడ్డా, గందుకే" అని నవ్వారు. ఆ నవ్వు చూసి నేనిక ఆపుకోలేకపోయాను.

"మేడమ్, ఆ రిపోర్టులో కారణం గడి నేను ఖాళీగా వదిలేశాను. కావాలనే వదిలేశాను."

"ఎరుకే. సంతకం పెట్టింది నేను గాదా?"

"చూశారా? చూసి కూడా ఎట్లా పెట్టారండీ? మీరే రాయొచ్చు కదా, మీకు హక్కుంది."

"నీ చేతి కాగితం అది. నువ్వే రాయాలె." ఆవిడ మోకాలు రాసుకున్నారు. "రెండు రోజులు నా కాడనే పెట్టుకున్న. మేడమ్, ఒక్క మాట మర్చిపోయిన, ఆ కాగితం మళ్ల పంపుండ్రి అని ఫోన్ చేస్తవని చూసిన. ఆఫీసోళ్లు జల్దీ జల్దీ అని ఒక్కటే పోరు పెట్టిండ్రు. ఇగ పంపిన."

కోపంగా అన్లేదు. అనుంటే బాగుండేది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ రెండు రోజులూ ఆఫీసు వాళ్లు నాకు కూడా ఫోన్ చేశారు, సంతకం ఎందుకు ఆలస్యమవుతోందని. నేనేం చెప్పానో ఆ రోజు ఆవిడ మంచం పక్కన కూర్చుని కూడా చెప్పలేకపోయాను.

మేడమ్‌కు మెయిల్ తెరవడం రాదండీ, అని చెప్పాను.